మాస్టారి నల్ల ప్లేట్లు

డ్రిల్లు మాస్టారికి అంకెలంటే ఒళ్లు మంట. లెక్కల మాస్టారితో ఆయనకు తగువేమీ లేదు. ఇనప ప్లేట్ల మీద అచ్చుపోసి ఉండే అంకెలతోనే పేచీ. మనిషి బరువును చేతులతో ఎత్తడానికి ముందు కళ్లతో ఎత్తుతాడనీ, కళ్లు జడుసుకున్నాక చేతులెంత బలమైనవైనా దండగేననీ ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతం ఎక్కణ్ణించి పుట్టిందని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. అడిగితే ఆ పూటకి ఇల్లు చేరడం కల్ల అని అందరికీ తెలుసు.

అందుచేత బడి వెనక రేకుల షెడ్డులో ఉన్న ప్లేట్లన్నిటికీ ప్రతి వేసవి సెలవుల్లోనూ నల్లరంగు పూసేవాడు. పూత మీద పూత పడీ పడీ అంకెల గుంటలన్నీ పూడుకుపోయాయి. అంకెలు పోయాక పిలవడానికి పేర్లు కావాలి గనక పిల్లలే పెట్టుకున్నారు. అన్నిటికన్నా పెద్దవి పెద్దోళ్లు, తర్వాతవి నడిపోళ్లు, ఆ తర్వాత చిన్నోళ్లు, అరచెయ్యంత ఉండేవి బుడ్డోళ్లు. "చెరో పక్కా నడిపోణ్ణి తగిలించండ్రా" అంటే షెడ్డులో అందరికీ అర్థమయ్యేది. నడిపోడు ఎన్ని కిలోలో మాత్రం మాస్టారొక్కడికే తెలుసు. ఏ కుర్రాడైనా ఉండబట్టలేక "ఇదంతా కలిపి ఎంతయింది మాస్టారూ?" అంటే, "నీకెందుకురా, తూకానికి అమ్ముతావా? ఎత్తు!" అని కసిరేవాడు.

ఇలా ఉండగా పక్క వీధిలో ఒక వ్యాయామశాల మూతపడింది. పోతూ పోతూ వాళ్లు ఒక జత ప్లేట్లు మాస్టారికి ఊరికే ఇచ్చేశారు. నిండా తుప్పు. మాస్టారు వాటిని మోయించి తెచ్చి నడిపోళ్ల పక్కన నిలబెట్టి చూశాడు. ఎత్తు సరిగ్గా అంతే. ఇంకేం, ఇవీ నడిపోళ్లేనని తీర్మానించి, తుప్పయినా సరిగ్గా గీకకుండా ఆ సాయంత్రమే రంగు కొట్టేశాడు. ఒక కుర్రాడు నసుగుతూ "కాస్త మందంగా ఉన్నట్టున్నాయి మాస్టారూ" అన్నాడు. "తుప్పు మందంరా అది" అన్నాడు మాస్టారు.

అప్పట్నించీ కుర్రాళ్ల గోల మొదలైంది. పాత నడిపోళ్లు వేస్తే లేస్తోంది గాని కొత్తవి వేస్తే లేవట్లేదని ఒకడు, కొత్తవి వేసుకున్న రోజు నడుం పట్టేస్తోందని ఇంకొకడు. మాస్టారు ఒక్కడి మాటా చెవిన పెట్టలేదు.

"మొన్న జ్వరం, నిన్న పరీక్షలు, ఇవాళ నడిపోడు. రేపు రాడ్డుకి దిష్టి తగిలిందంటారు. సాకులకేం, పూటకొకటి పుట్టిస్తారు మీరు!"

చెప్పి లాభం లేదని కుర్రాళ్లు తమ దారి తాము చూసుకున్నారు. బడి గంట కొట్టగానే పరుగెత్తుకొచ్చి పాత నడిపోళ్లను పట్టేసుకునేవాళ్లు. ఆఖరున వచ్చినవాళ్లకి కొత్త జత మిగిలేది. ఆఖరున వచ్చేది ఎప్పుడూ ఒక్కతే. ఆ పిల్లకి షెడ్డులో లేటమ్మ అని పేరు.

లేటమ్మ తల్లిది ఇస్త్రీ కొట్టు. రెండు లాడ్జీల దుప్పట్లూ, ఆ చుట్టుపక్కల ఇళ్ల బట్టలూ అక్కడికే వస్తాయి. బడి వదలగానే పిల్ల ఆ మూటలన్నీ ఇంటింటికీ చేరవేసి, ఆ తర్వాతే షెడ్డుకి రావాలి. అసలు మొట్టమొదట వచ్చింది కూడా మాస్టారి ప్యాంట్లు ఇవ్వడానికే. ఆ రోజు ఒక కుర్రాడు రాడ్డు ఎత్తలేక, ప్లేట్లు విప్పే ఓపిక కూడా లేక, దాన్ని గుమ్మానికి అడ్డంగా వదిలేసి చతికిలబడ్డాడు. పిల్ల గుమ్మం దగ్గర ఆగింది. అటూ ఇటూ చూసింది. మూట పక్కన పెట్టి, వంగి, రాడ్డును లేవనెత్తి, గోడ వారకి తీసుకుపోయి చప్పుడు కాకుండా దించింది. మళ్లీ మూట అందుకుని, "ప్యాంట్లు తెచ్చానండీ. ఒకదానికి గుండీ ఊడింది, అమ్మ కుట్టింది" అంది.

మాస్టారు గుండీ సంగతి వినిపించుకోలేదు. ఆయన ఆ పిల్ల వీపుకేసి చూస్తూ ఉండిపోయాడు. పాతికేళ్లుగా ఆయన పిల్లలకి గొంతు చించుకుని చెబుతున్న మాట ఒకటే, ‘వీపు నిటారుగా ఉంచండ్రా, కాళ్లతో లేవండ్రా’ అని. ఎవరూ చెప్పకుండానే ఆ పిల్ల వీపు నిటారుగా ఉంది, కాళ్లతోనే లేచింది.

అలా చేరింది లేటమ్మ. పెద్ద మాటకారి కాదు. అడిగితే జవాబు, లేకపోతే అదీ లేదు. వచ్చేసరికి కుర్రాళ్లు సగం పని ముగించి కబుర్లలో ఉండేవాళ్లు. మిగిలిన నడిపోళ్లను తగిలించుకుని తన మానాన తను మొదలుపెట్టేది. బరువని గాని, తేలికని గాని ఏనాడూ అనలేదు. మాస్టారు తన లెక్కలో తాను ఉండి, ఆడపిల్ల గదా, ఈ వయసుకి ఈపాటి ఎత్తితే గొప్పేనని మురిసిపోయేవాడు. రాడ్డు భుజాల మీదికి వచ్చి కూర్చునే తీరు చూసి ఒక్కోసారి ఆయన చూపు తిప్పుకోలేకపోయేవాడు. ఇంకాస్త బలం ఉంటేనా, అనుకుని నిట్టూర్చేవాడు.

రెండేళ్లు గడిచాయి. లేటమ్మకి పదహారు నిండాయి. ఆ ఏడు వెయిట్‌లిఫ్టింగ్ శిక్షణ శిబిరానికి పిల్లల్ని ఎంచే పోటీ వచ్చింది. ఎంపికైతే తిండీ, చదువూ, హాస్టలూ అన్నీ వాళ్లే చూసుకుంటారు. మాస్టారు ఇస్త్రీ కొట్టుకి వెళ్లి విషయం చెప్పాడు.

తల్లి ఇస్త్రీపెట్టె ఆపలేదు. దుప్పటి మీద నీళ్లు చిలకరించి, పెట్టె నడుపుతూనే మాట్లాడింది.

"నా నడుం పని అయిపోయింది మాస్టారూ. పొద్దుటినించీ నిలబడితే సాయంత్రానికి కూర్చోలేను, కూర్చుంటే లేవలేను. ఇది నాకు చేతికి అందొచ్చింది. ఇప్పుడు ఇనుం మోయడానికి పంపమంటారు. మోసే పని ఇక్కడ లేకనా?"

"ఒక్కసారి పోటీకి రానియ్యమ్మా. ఎంపిక కాకపోతే ఇక నేను నోరెత్తను."

"కాకపోతే షెడ్డు కూడా బంద్. మాటంటే మాటే."

"మాటే."

"అయితే నేనూ వస్తా. ఒక్కదాన్ని ఎలా పంపుతాను?"

లేటమ్మ ఓ మూలన చొక్కాలు మడతపెడుతోంది. తలెత్తలేదు. కానీ మడుస్తున్న చొక్కానే మళ్లీ విప్పి మళ్లీ మడవడం మాస్టారు చూశాడు. ఆ పిల్లకి ఎంత ఆశగా ఉందో అప్పుడే తెలిసింది ఆయనకి. ఇంటికి పోతూ దారి పొడుగునా తనను తాను తిట్టుకున్నాడు. ఎందుకంటే ఆయన లెక్క ప్రకారం పిల్ల ఎత్తేది బొటాబొటీగా సరిపోతుంది. శిబిరం వాళ్లు అడిగేది రెండు రకాల ఎత్తుళ్లూ కలిపి నూట ముప్ఫై కిలోలు. అన్నీ కలిసొస్తే గీత దాటుతుంది, ఒక్క చోట తడబడినా ఇస్త్రీ కొట్టే గతి.

పోటీ జరిగే హాలు పెద్దది. మధ్యలో చెక్క వేదిక, మూడు వైపులా ముగ్గురు న్యాయనిర్ణేతలు, ఒక పక్క బల్ల వేసుకుని లెక్కలు రాసేవాళ్లు. ప్లేట్లన్నీ రంగురంగులు. ఆకుపచ్చ, పసుపు, నీలం, ఎరుపు. షెడ్డులోలాగ పెద్దోడూ నడిపోడూ అని లేదు, అన్నీ ఒకటే ఎత్తు, మందంలోనే తేడా. వాటన్నిటి మీదా తెల్లటి అంకెలు. అది చాలదన్నట్టు మైకులో ఒకతను బరువు ఎంతో ప్రతిసారీ గట్టిగా చదువుతున్నాడు. మాస్టారికి కంపరమెత్తింది. జేబులోంచి దూది తీసి లేటమ్మ చెవుల్లో కుక్కాడు.

"మైకు వినకు. ప్లేట్లకేసి చూడకు. నాకేసి చూడు, చాలు."

"ఆఁ?" అంది లేటమ్మ. వినపడలేదు.

పక్క గదిలో ఒళ్లు వేడెక్కించుకునేటప్పుడు మాస్టారే ప్లేట్లు తగిలించాడు, మాస్టారే విప్పాడు. పిల్ల మొహంలో ఏదో అయోమయం కనిపించింది గాని భయమనుకున్నాడు. దూదిలోంచి కూడా వినపడేలా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు: "ఇది మామూలు రోజు కాదు. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగు. రవ్వంత కూడా దాచుకోకు." లేటమ్మ బుద్ధిగా తలాడించింది. ఆ పిల్లతో వచ్చిన చిక్కే అది, చెప్పింది చెప్పినట్టు చేస్తుంది.

మొదటిది స్నాచ్. నేల మీది రాడ్డును ఒక్క ఊపులో తల పైకి తీసుకుపోవాలి. ముగ్గురికీ నచ్చితే తెల్ల దీపాలు, నచ్చకపోతే ఎర్రవి. మూడే అవకాశాలు. మాస్టారు జాగ్రత్తగా యాభైతో మొదలుపెట్టించాడు.

లేటమ్మ వంగింది, పట్టు సరిచేసుకుంది, లాగింది. రాడ్డు లేచింది. అలా ఇలా లేవడం కాదు. మోకాళ్లు దాటి, ఛాతీ దాటి, తల దాటి, ఆగకుండా వెనక్కి పోయి ఆమె వీపు వెనక ధడాలున పడింది. లేటమ్మ ఖాళీ చేతులతో కూర్చుండిపోయి, ఏమైందన్నట్టు వెనక్కి తిరిగి చూసింది. హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

మాస్టారికి నవ్వు రాలేదు. పిల్ల కంగారుపడి పట్టు వదిలేసిందనుకున్నాడు. "బలం చాల్లేదు! ఇంకా గట్టిగా లాగు!" అని చెవిలో అరిచాడు. రెండోసారి లేటమ్మ ఇంకా గట్టిగా లాగింది. రాడ్డు ఇంకా దూరం పోయి పడింది. వేదిక వెనక నిలబడ్డ పనివాళ్లు ఒక్క గెంతు గెంతారు.

 మూడోసారీ ఇలాగే అయితే స్నాచ్ కింద సున్నా. సున్నా వచ్చిన పిల్ల పేరు ఎక్కడా ఉండదు, రెండో ఎత్తుడు ఎంత బాగా ఎత్తినా సరే. పైగా ఒకసారి అడిగిన బరువును తగ్గించుకోవడానికి నియమం ఒప్పదు. అంతే ఉంచాలి, లేదా పెంచాలి. అదే యాభైని తప్పిన ఇంకో ఇద్దరు పిల్లలు రెండోసారి ఎత్తాల్సి ఉంది గనక కాస్త వ్యవధి దొరికింది. తల్లి గ్యాలరీలోంచి దిగొచ్చి తలుపు దగ్గర నిలబడింది.  మాస్టారు ఆమె కంట పడకుండా పక్కకి తిరిగాడు.

ఆ వేళకి శిబిరం మేడమ్ అటుగా వచ్చింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, కళ్లజోడు తాడుతో మెళ్లో వేసుకున్న పెద్దావిడ. ఒకప్పుడు ఆవిడా ఈ వేదికలు ఎక్కిన మనిషే. పిల్లల్ని ఎంచుకునేది ఆవిడే.

"ఏం మాస్టారూ, ఆ పిల్ల ఎందుకండీ అంతలా లాగుతోంది?" అంది.

"బలం చాలకండీ" అన్నాడు మాస్టారు నీరసంగా.

మేడమ్ ఆయనకేసి వింతగా చూసి వెళ్లిపోయింది.

మాస్టారు లేటమ్మ చెవిలో దూది ఒకటి కాస్త వదులు చేసి, "ఒళ్లు చల్లబడిపోకూడదు. పక్క గదిలోకి పోయి చెరో పక్కా నడిపోణ్ణి తగిలించుకుని ఒక్కసారి ఎత్తు. నేనిప్పుడే వస్తా" అని, మొహం మీద నీళ్లు కొట్టుకోవడానికి వెళ్లాడు. తుడుచుకుంటూ వచ్చేసరికి లేటమ్మ ప్లేట్ల దొంతర ముందు నిలబడి ఉంది. రంగుల భాష ఆ పిల్లకి తెలీదు. అంకెల జోలికి పోవద్దని మాస్టారు నేర్పాడు గనక వాటికేసి చూడనైనా చూడలేదు. వంగి ఆకుపచ్చది ఒకటి రెండు చేతులతో లేపింది. కాసేపు పట్టుకుంది. కాదన్నట్టు తల అడ్డంగా ఊపి మళ్లీ పెట్టేసింది. పక్కనున్న పసుపుపచ్చది లేపింది. ఈసారి మొహం తేటపడింది. దాన్ని తీసుకొచ్చి రాడ్డుకి ఒక పక్క తగిలించి, రెండోదాని కోసం వెళ్లింది.

"అదేంటే? నడిపోణ్ణి వెయ్యమన్నాగా!"

"ఇదేగా మాస్టారూ నడిపోడు."

"కాదమ్మా, అది పదిహేను. నడిపోడంటే పది. అదిగో, ఆ ఆకుపచ్చది."

అన్నేళ్లలో ఆయన నోటి నుంచి అంకె జారడం అదే మొదలు. లేటమ్మ దాన్ని పట్టించుకోనే లేదు.

"ఆకుపచ్చది చూశానండీ. అది నడిపోడు కాదు. రోజూ మోసే నడిపోడి బరువు నా చేతికి తెలీదా?"

మాస్టారు పసుపు ప్లేటు దగ్గరకి పోయి తను లేపి చూశాడు. ఆకుపచ్చది లేపి చూశాడు. అప్పుడు ఆయన కళ్ల ముందు షెడ్డు కనబడింది. తుప్పు పట్టిన ఆ జత ప్లేట్లు, "మందంగా ఉన్నాయి మాస్టారూ" అన్న కుర్రాడు, "బరువండీ" అని మొత్తుకున్న కుర్రాళ్లు, అందరికీ సమాధానంగా తన నోరు. ఒక్కో ప్లేటులో అయిదు కిలోలు ఎక్కువ. రెండు పక్కలా కలిపి పది. ఈ పిల్ల రెండేళ్లుగా రోజూ, మూటలన్నీ మోసి వచ్చాక, ఆఖరున మిగిలినవి తగిలించుకుని, తను రాసిపెట్టుకున్న దానికన్నా పదేసి కిలోలు ఎక్కువ ఎత్తింది. ఇంకాస్త బలం ఉంటేనా అని నిట్టూర్చాడు తను. తక్కువైంది ఆ పిల్ల బలం కాదు, తన బుర్ర!

 సిగ్గుగా ఉంది, నిజమే. కానీ సిగ్గు కన్నా ఇంకేదో పెద్దది గుండెల్లో నిండిపోయింది. ఎదురుగా నిలబడ్డ ఆ పదహారేళ్ల పిల్లని, సుద్దపొడి అంటిన ఆ చేతుల్ని, అంతకుముందు ఎప్పుడూ చూడనట్టు చూశాడు.

"మాస్టారూ, ఎత్తమంటారా?" అంది లేటమ్మ.

"ఇక్కడొద్దు" అని, ఆయన బల్ల దగ్గరికి పరుగు తీశాడు. యాభై ఏళ్లు దాటిన మనిషి అలా పరుగెత్తడం ఆ హాల్లోవాళ్లు అంతవరకూ చూసి ఉండరు.

"అరవై" అన్నాడు రొప్పుతూ.

బల్ల దగ్గరి గుమాస్తా కలం ఆపాడు. "సార్, యాభైనే రెండుసార్లు తప్పింది ఆ అమ్మాయి."

"అందుకే. అరవై రాయండి."

తలుపు దగ్గర తల్లికి ఎవరో చెప్పినట్టున్నారు. "అది మోయలేక చస్తుంటే పెంచుతారా? మీకేమన్నా మతి పోయిందా మాస్టారూ?" అని అక్కణ్ణించే కేకేసింది. మాస్టారు ఆమెకేసి రెండు చేతులూ జోడించాడు. వివరం చెప్పే తీరిక లేదు. చెప్పినా నమ్మే పరిస్థితీ కాదు.

పిల్ల పేరు పిలిచారు. మాస్టారు ఆమె చెవుల్లో దూది మళ్లీ నొక్కుతూ ఒకే మాట చెప్పాడు. "ఇందాకటిలా లాగకు. షెడ్డులో ఎత్తినట్టే ఎత్తు. ఇప్పుడు అక్కడున్నది నీకు తెలిసిన బరువే."

లేటమ్మ వేదిక ఎక్కింది. రాడ్డు పట్టుకుని ఒక్క అంగుళం కదిపి చూసింది. దూరం నుంచి కూడా మాస్టారికి తెలిసింది, ఆ భుజాలు కుదుటపడ్డాయి. రాడ్డు నేల విడిచింది. తొందర లేదు, కంగారు లేదు. నడుము దాకా వచ్చి, ఒక్క ఊపు, అంతే. మరుక్షణం ఆ పిల్ల దాని కింద కూర్చుని ఉంది, చేతులు నిటారుగా. కూర్చున్నది కూర్చున్నట్టే లేచి నిలబడింది. పాదం కదల్లేదు, మోచెయ్యి వణకలేదు.

దించమని బూరా మోగింది. లేటమ్మ దించలేదు. ఒకటి, చెవుల్లో దూది. రెండు, షెడ్డులో మాస్టారు "దించు" అంటే తప్ప రాడ్డు దించకూడదని ఆజ్ఞ. ఆయన ఒక్కోసారి కుర్రాళ్ల మీద కోపంతో ఆ మాట అనడం ఆలస్యం చేసేవాడు కూడా. అందుకని ఆ పిల్ల అరవై కిలోలూ తల మీద పెట్టుకుని, కళ్లు మాస్టారి మీద పెట్టుకుని, ఆయన మాట కోసం నిలబడింది.

మాస్టారు నోరు తెరిచాడు. మాట రాలేదు.  బూరా మళ్లీ మోగింది. న్యాయనిర్ణేత చెయ్యి కిందికి ఊపుతున్నాడు. ముందు నవ్విన హాలు ఇప్పుడు నవ్వడం మానేసింది. కుర్చీలు చప్పుడు చెయ్యడం లేదు, మైకు అతను మైకు మర్చిపోయాడు. అందరూ ఆ పిల్లనే చూస్తున్నారు. ఇస్త్రీ బట్టలు పట్టుకుని ఎవరింటి గుమ్మంలోనో తలుపు తీసేదాకా నిలబడ్డట్టు అంత నెమ్మదిగా నిలబడి ఉంది. మాస్టారి కళ్లు చెమర్చి ఆ పిల్ల మసకమసకగా కనబడింది. పాతికేళ్లలో ఎంతమందికి రాడ్డు పట్టుకోవడం నేర్పాడో, ఎన్నిసార్లు ఈ పని అనవసరమనుకున్నాడో, అదంతా ఒక పక్కకి పోయింది. ఇది చూడటానికే కాబోలు ఇన్నాళ్లూ ఆ రేకుల కింద ఉడికిపోయాననుకున్నాడు.

"దించు తల్లీ" అన్నాడు చివరికి. గాలే తప్ప శబ్దం రాలేదు. పెదాలు చూసి లేటమ్మ దించింది. మూడు తెల్ల దీపాలు వెలిగాయి.

ఆ తర్వాతది క్లీన్ అండ్ జెర్క్. రాడ్డును ముందు భుజాల మీదికి తెచ్చుకుని, అక్కణ్ణించి తల పైకి నెట్టడం. డెబ్భై ఎత్తితే నూట ముప్ఫై నిండుతుంది. లేటమ్మ మొదటి విడతలోనే డెబ్భై ఎత్తి దించేసింది. మాస్టారు మళ్లీ గ్యాలరీలోకి వెళ్లిన తల్లికేసి తిరిగి తల ఊపాడు. తల్లికి అర్థమైంది. ఆవిడ సంతోషించిందో లేదో చెప్పలేం. కూర్చోవడానికి పక్కనున్న కుర్చీని చేత్తో వెతుక్కుంది, నెమ్మదిగా నడుం వంచి కూర్చుంది. పిల్ల వెళ్లిపోతుందన్న సంగతి ఆవిడకి అప్పుడే తెలిసినట్టుంది.

"గండం గడిచింది. ఇక చాల్లే, దిగు" అన్నాడు మాస్టారు.

"ఇంకా రెండున్నాయిగా మాస్టారూ" అంది లేటమ్మ.

రెండోసారి ఎనభై పెట్టించాడు. అదీ లేచింది. మిగతా పిల్లల పోటీలన్నీ అయిపోయాయి. ఎత్తాల్సింది ఇక లేటమ్మ ఒక్కతే. మేడమ్ లేచి వచ్చి మాస్టారి పక్కన నిలబడింది.

"ఈ అమ్మాయి మహా అయితే ఎంత ఎత్తగలదండీ?" అని అడిగింది.

మాస్టారు అబద్ధం ఆడలేదు. "నాకు తెలీదు మేడమ్. తెలుసనుకున్నాను. ఇంతకాలం దాన్ని ఆపింది నేనే." తర్వాత లేటమ్మ వైపు తిరిగాడు. ఆ పిల్ల చెవుల్లో దూది తనే పీకేశాడు. "ఆఖరుది నీ ఇష్టం. ఎంత పెట్టించమంటావు?"

అంకెలతో పనిలేని లేటమ్మ ఎంతని చెబుతుంది? 

"బరువుగా ఉండేది పెట్టించండి" అంది.

మాస్టారు తొంభై అన్నాడు. మైకులో ఆ అంకె హాలంతా మోగింది. లేటమ్మ తలెత్తి విన్నది, జడుసుకోలేదు సరిగదా, ఎవరో కొత్త మనిషి పేరు విన్నట్టు వేదిక మీది రాడ్డుకేసి ఆసక్తిగా చూసింది. మాస్టారు తన సిద్ధాంతాన్ని అక్కడే మింగేశాడు.

రాడ్డు భుజాల మీదికి వచ్చింది. కానీ ఈసారి కూర్చున్నచోటు నుంచి లేవడం తేలిక కాలేదు. తొడలు వణికాయి. మెడ నరాలు ఉబ్బాయి. మొహం కందగడ్డయింది. అంగుళం అంగుళం పైకి వచ్చి నిలబడింది. హాల్లోవాళ్లంతా తామే ఎత్తుతున్నట్టు పళ్లు బిగించారు. ఊపిరి పీల్చి తల పైకి నెట్టింది. చేతులు సాగాయి, ఇంకాస్త, ఇంకాస్త, మోచేతులు నిలవలేదు. రాడ్డు ముందుకి జారి వేదిక అదిరేలా పడింది. మూడు ఎర్ర దీపాలు.

తల్లి పరుగులాంటి నడకతో కిందికి వచ్చేసింది. పిల్ల ఏడుస్తుందేమోనని మాస్టారు రెండడుగులు ముందుకి వేశాడు. లేటమ్మ వేదిక దిగి వస్తోంది. వగరుస్తోంది, చెమట కళ్లలోకి కారుతోంది. మొహమంతా నవ్వు.

"బరువుంది మాస్టారూ!" అంది. "అమ్మా, అది బరువుందే!"

తల్లి అక్కడే ఆగిపోయింది. పైట చెంగుతో కళ్లు ఒత్తుకుంది.

"పుట్టి బుద్ధెరిగినప్పటినించీ దీని నోట ఆ మాట వినలేదు మాస్టారూ. ఎంత నెత్తిన పెట్టినా ఊఁ అనలేదు. నేనూ అడగలేదు, బరువుగా ఉందా అని."

మాస్టారు తల దించుకున్నాడు. ఆయనా అడగలేదు.

మేడమ్ కళ్లజోడు పెట్టుకుని, వేదిక మీద పడి ఉన్న ఆ రాడ్డుకేసి చూసింది. ఆ తర్వాత లేటమ్మ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, అరచేతులు తిప్పి చూసింది.

"సరేనమ్మా. అక్కడికి వచ్చాక, ఆ తొంభైతోనే మొదలుపెడదాం" అంది.